జీవకణమునకు కళ్లెము

చెరువు క్రింద పొలమున్నవారికి తూమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. పాకాల, లక్నవరము, రామప్ప, గణపురము చెరువుల నీటితో ఏడెనిమిది వందల ఏండ్లుగా సేద్యము సాగుచున్న ప్రాంతము మనది. ఏ తూము ఎప్పుడెత్తవలెనో, ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో చూచుటకు ఊరూర నీరటి యుండెడివాడు. చెరువు నిండుగా నున్నను నీరటి లేనిచో ఎగువ మడి మురుగును, దిగువ మడి యెండును. కట్టకు గండి పడినప్పుడు మొదట కేకవేయువాడును అతడే.

మన శరీరమందలి ప్రతి కణములోను ఇట్టి తూములును, ఇట్టి నీరటులును కలరు. వీరు మాంసకృత్తులు. మాంసకృత్తులనగానే పప్పు, పాలు, గ్రుడ్లు మనకు జ్ఞప్తికి వచ్చును గాని, కణములోపల పనిచేయు పనివాండ్రందరును మాంసకృత్తులే. వారిలో కొందరి పని కణమును రెండుగా చీలునట్లు చేయుట. మరికొందరి పని దానిని చీలనీయకుండ ఆపుట. ఈ రెండవ తెగవారిని గూర్చియే మేము ఈ వ్యాసములో ముచ్చటింపదలచితిమి. ఏలయనగా వీరు పని మానిన దినమున పుట్టు వ్యాధికే మన పెద్దలు రాచపుండు అనియు, నేటివారు కాన్సర్ అనియు పేరు పెట్టిరి.

మానవ శరీరములో సుమారు 30 లక్షల కోట్ల కణములు కలవని 2016లో ప్రకటింపబడిన లెక్క తెలుపుచున్నది. ఇవి యన్నియు తల్లి గర్భములో ఒక్క కణముగా మొదలైనవే. ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదియై ఇంత యయ్యెను. మనిషి ఎదుగుట ముగిసిన పిదపను ఈ విభజన ఆగదు. ఎముకల మూలుగలో సెకనునకు 20 లక్షలకు పైగా ఎర్ర రక్తకణములు తయారగుచుండును. ప్రేగుల లోపొర నాలుగైదు దినములకొకమారు క్రొత్తదగును. చర్మపు పైపొరకు ఇంచుమించు నెల దినములు పట్టును. మెదడులోని నాడీకణములలో అధికభాగము మాత్రము పుట్టుకనాటివే, కడవరకు మనతో నుండును.

వరికోతలో కొడవలి తగిలి వ్రేలు తెగినదనుకొందము. తెగిన అంచులలోని కణములు వెంటనే విభజన నారంభించును. గాయము పూడును. పూడినంతనే పని నిలిచిపోవును. వ్రేలిపై మరియొక వ్రేలు మొలవదు. ఎలుక కాలేయములో మూడింట రెండు పాళ్లు కోసి తీసివేసినను, మిగిలిన పాలు వారము పది దినములలో పూర్వపు బరువునకు పెరిగి, సరిగా అచటనే ఆగును. పెరుగుట వింతయా, ఆగుట వింతయా యని యెవరైన అడిగినచో, ఆగుటయే పెద్ద వింతయని మా అభిప్రాయము.

కాన్సర్ కణము ఎక్కడినుండియో వచ్చిన పరాయి కణము కాదు. అది మన కణమే, ఆగుట మరచినది. శ్రోతలు తరచుగా అడుగు ప్రశ్నకు ఇందులోనే సమాధానము కలదు. కాన్సర్ అంటువ్యాధి కాదు. రోగితో ఒకే కంచములో భుజించినను, రోగి బట్టలుతికినను అంటదు. ఊరిలో ఒక స్త్రీకి రొమ్ములో గడ్డ లేచినదని ఆమెను వేరు గదిలో నుంచి, వేరు చెంబు ఇచ్చు ఇండ్లు నేటికిని కలవు. ఆ బాధ వ్యాధి తెచ్చినది కాదు, మనుష్యులు తెచ్చినది.

ఇక ఆపుట యెట్లు జరుగునో చూతము. కణము రెండగుటకు ముందు తనలోని గ్రంథమును అక్షరము తప్పకుండ నకలు వ్రాసికొనవలెను. ఆ గ్రంథమే డి.ఎన్.ఎ. అది 46 క్రోమోసోములుగా చుట్టబడి యుండును. ఒక్క కణములోని దారమును విప్పి సాగదీసినచో సుమారు 2 మీటర్ల పొడవుండును. అందలి అక్షరముల సంఖ్య 600 కోట్లకు పైమాట. ఈ నకలు పనికి ఏడెనిమిది గంటలు పట్టును. కనుక కణజీవితములో నాలుగు ఘట్టములు ఏర్పడినవి: పెరిగి సిద్ధపడుట, నకలు వ్రాయుట, నకలును సరిచూచుకొనుట, రెండుగా చీలుట. ఒక ఘట్టము ముగియనిదే మరియొకటి మొదలుకారాదు.

ఈ క్రమమును నడుపు యంత్రమును కనుగొన్నందుకు 2001లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము లభించెను. వారిలో లీలాండ్ హార్ట్‌వెల్ అమెరికా దేశీయుడు. రొట్టెపిండిని పొంగించు ఈస్టుపై పరిశోధించి, కిరణములు సోకి గాయపడిన కణము విభజనను నిలిపివేసి, గాయము మానువరకు వేచియుండునని చూపెను. దారిలో తనిఖీ స్థానములు కలవను భావము ఆయనది. ఇంగ్లండువాడైన టిమ్ హంట్ 1982 వేసవిలో సముద్రపు ముండ్లజీవి గ్రుడ్లను పరీక్షించుచు, ప్రతి విభజనకు ముందు పేరుకొని, విభజన కాగానే మాయమగు మాంసకృత్తి నొకదానిని గమనించెను. దానికి సైక్లిన్ అని పేరిడిరి. పాల్ నర్స్ అను మరియొక ఆంగ్లేయుడు ఈస్టు విభజనకు ఆయువుపట్టైన జన్యువును పట్టుకొని, దాని జోడు మానవ కణములోను కలదని 1987లో నిరూపించెను. మనిషి జన్యువును తెచ్చి ఈస్టులో నుంచగా, అది ఈస్టు పనిని చక్కగా చేసిపెట్టినది! ఈస్టునకును మనకును వంశములు వేరుపడి వంద కోట్ల ఏండ్లు దాటినవి. అన్నేండ్లును ప్రకృతి ఈ యంత్రమును మార్చలేదన్నమాట.

ఇది ముందుకు నడుపు యంత్రము. కైనేజ్ అను మాంసకృత్తి దీనికి చేయి. సైక్లిన్ ఆ చేతికి బలము. సైక్లిన్ తోడైనప్పుడే కైనేజ్ పనిచేయును. దాని పనియంతయు ఇతర మాంసకృత్తులకు ఫాస్ఫేటు ముద్ర వేయుటయే. ముద్ర పడిన మాంసకృత్తి తన తీరు మార్చుకొనును. ఇప్పుడు ఆపువారి సంగతి.

మొదటివాని పేరు ఆర్-బి. ఇతడు తూములోని బిరడావంటివాడు. నకలు పనికి కావలసిన జన్యువులను మేల్కొలుపు ఇ-2-ఎఫ్ అను మాంసకృత్తిని ఇతడు గట్టిగా పట్టుకొని కూర్చుండును. పట్టు సడలనంతవరకు కణము నకలు ప్రారంభింపజాలదు. ఎదుగుమని వెలుపలినుండి సంకేతము వచ్చినప్పుడు సైక్లిన్, కైనేజ్‌లు జతగూడి ఆర్-బికి ముద్రలు వేయును. ముద్రలు నిండగానే పట్టు వీడును, తూము తెరచుకొనును. పని ముగిసినపిదప ముద్రలు తొలగి, బిరడా మరల తన చోటికి వచ్చును. ఈ కైనేజ్‌నే అడ్డుకొను పి-16 అను మరియొక చిన్న మాంసకృత్తియు కలదు. బిరడాపై చేయి పడకుండ కాయుట దాని పని.

ఆర్-బి మనకు తెలియవచ్చిన కథ పసిపిల్లల కంటిలో మొదలైనది. రెటినోబ్లాస్టోమా యను కంటి కాన్సర్ పుట్టిన ప్రతి 15 వేలనుండి 20 వేలమంది శిశువులలో ఒకరికి వచ్చును. కొందరికి ఒక కంటిలో, ఒక్క గడ్డగా వచ్చును. కొందరికి రెండు కండ్లలోను, అదియు మరింత పసితనముననే వచ్చును. ఈ రెండవ రకమువారి కుటుంబములలో వ్యాధి వంశపారంపర్యముగా కనబడును. ఏల ఇట్లని ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అను అమెరికా వైద్యుడు 48 మంది పిల్లల వివరములను ముందుంచుకొని కేవలము లెక్కగట్టి, 1971లో ఒక సిద్ధాంతము చెప్పెను. ప్రతి జన్యువు మనకు రెండు ప్రతులుగా నుండును: తల్లి యిచ్చినదొకటి, తండ్రి యిచ్చినదొకటి. ఒక ప్రతి చెడినను రెండవది కాపాడును. రెండును చెడిననే కళ్లెము తెగును. ఆరోగ్యముగా పుట్టిన బిడ్డలో ఒకే కణమున రెండు ప్రతులును చెడుట మిక్కిలి అరుదు. కాబట్టి ఒక కన్ను, ఒక గడ్డ. పుట్టుకతోనే ఒక ప్రతి చెడియున్న బిడ్డలో ప్రతి కణమును ఒంటి తాడుపై వ్రేలాడుచున్నట్లే. ఇంకొక్క దెబ్బ చాలును. ఆ జన్యువును ఎవరును చూడకముందే నడ్సన్ దాని స్వభావమును చెప్పగలిగెను. 1986లో అది చేజిక్కినది. 13వ క్రోమోసోముపై నున్నది. ఆయన చెప్పినట్లే యున్నది.

బిడ్డలున్న యిండ్లవారికి ఇచట ఒక మాట. శిశువు కంటిపాపపై వెలుగు పడినప్పుడు పిల్లికన్నువలె తెల్లని మెరుపు కనబడినచో, లేదా ఫోటోలో ఒక కన్ను ఎర్రగాను ఒక కన్ను తెల్లగాను వచ్చినచో, క్రొత్తగా మెల్లకన్ను ఏర్పడినచో, ఆ వారమే కంటి వైద్యునికి చూపవలెను. హైదరాబాదులో 1987లో స్థాపితమైన ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఈ వ్యాధి చికిత్సకు పేరొందినది. తొలిదశలో వచ్చిన బిడ్డకు ప్రాణమే గాక తరచుగా చూపును దక్కును. ఆలస్యమైనచో కన్ను తీయవలసివచ్చును. మరింత ఆలస్యమైనచో బిడ్డయే దక్కదు.

రెండవవాడు పి-53. నిజమునకు ఈ వ్యాసమంతయు వానిని గూర్చియే వ్రాయవచ్చును. 1979లో పలు ప్రయోగశాలలలో ఇంచుమించు ఒకేమారు వాని జాడ తెలిసినది. జిగురుపొరపై కొలువగా 53 వేల తూనికగా తోచుటచే ఆ పేరు పెట్టిరి. అసలు తూనిక 44 వేలకు లోపే యని పిమ్మట తేలినను పేరు మారలేదు. పొట్టివానికి పొడుగన్నయని పేరు స్థిరపడిన ఊళ్లు మనకు లేవా? అంతకన్న పెద్ద పొరపాటు మరియొకటి జరిగినది. కాన్సర్ కణములలో పి-53 కుప్పలుగా కనబడుటచే, వ్యాధిని తెచ్చువాడు ఇతడేయని పదేండ్లపాటు శాస్త్రలోకము నమ్మెను. 1989లో గాని నిజము బయటపడలేదు. కుప్పపడినది చెడిపోయిన పి-53. చక్కనిది విభజనను ఆపును. దొంగ పారిపోయిన యింటిలో నిలుచున్న తలారిని పట్టుకొని కొట్టినట్లయినది!

ఆరోగ్యముగా నున్న కణములో పి-53 మిక్కిలి తక్కువగా నుండును. తయారగుచునే యుండును, కాని ఎమ్-డి-ఎమ్-2 అను మరియొక మాంసకృత్తి దానిని వెన్నంటి పట్టి, కొద్ది నిమిషములలోనే చెత్తబుట్టకు పంపుచుండును. ఇది వృథా శ్రమవలె తోచును. కాని డి.ఎన్.ఎ. దారము ఎక్కడైన తెగినచో, ఆ తెగుటను గుర్తించు కావలిమాంసకృత్తులు పి-53పై ముద్ర వేయును. ముద్ర పడిన పి-53 ఎమ్-డి-ఎమ్-2 చేతికి చిక్కదు. నిమిషములలో వాని సంఖ్య పెరుగును. క్రొత్తగా తయారుచేయుటకై వేచియుండనక్కరలేదు. పారవేయుట మానిన చాలును. ప్రమాదవేళ ఇంతకన్న వేగముగా సేనను కూర్చు ఉపాయము మాకు తోచదు.

అట్లు పోగైన పి-53లు నాలుగేసి జట్టుకట్టి డి.ఎన్.ఎ.పై వ్రాలి, పి-21 అను మాంసకృత్తిని తయారుచేయించును. పి-21 పోయి కైనేజ్ చేతిని పట్టుకొనును. విభజన ఆగును. ఈ విరామములో మరమ్మతు జట్లు పనిచేసి తెగిన దారము నతుకును. అతుకు కుదిరినచో పి-53 తగ్గిపోయి కణము మరల తన దారిన పోవును. గాయము మానరానిదైనచో పి-53 కఠినమైన నిర్ణయము తీసికొనును. కణమును తనంత తాను నశింపుమని ఆజ్ఞాపించును. ఆ కణము ముడుచుకొని, ముక్కలై, పొరుగు కణములకు ఆహారమగును. వాపు లేదు, చీము లేదు, నొప్పి లేదు. వేసవిలో ఎండదెబ్బకు చర్మము పొరలుగా ఊడినప్పుడు, గాయపడిన కణములు ఈ విధముగనే ప్రాణత్యాగము చేసినవని గ్రహింపవలెను.

నీరటితో పోలిక ఇచట చాలదు. గండి పూడ్చలేనప్పుడు చెరువునే లేకుండ చేయు నీరటి ఏ యూరను లేడు.

మానవుల కాన్సర్లలో ఇంచుమించు సగమింట ఈ పి-53 జన్యువు చెడియుండును. ఇంత తరచుగా చెడు జన్యువు మరియొకటి లేదు. నాలుగేసి జట్టుకట్టుట దాని బలమే గాని, బలహీనతయు నదియే. పల్లకిని నలుగురు మోయుచుండగా ఒక్కడు కుంటినను పల్లకి సాగదు గదా! రెండు ప్రతులలో ఒక్కటి చెడినను, ఆ చెడ్డ పి-53లు మంచివాని జట్టులో చేరి జట్టునే పనికిరానిదిగా చేయును.

రామప్ప గుడి పీఠముపై వరుసతీరి నడచు ఏనుగులను చూడనివారు మన ప్రాంతమున అరుదు. ఆ ఏనుగులతో ఈ కథకు సంబంధము కలదు. ఏనుగు శరీరములో మనకన్న ఎన్నో రెట్లు కణములు కలవు. అదియు దశాబ్దములకొలది జీవించును. కణవిభజన ఎక్కువైనకొలది పొరపాట్లు ఎక్కువ కావలెను. ఆ లెక్కను ఏనుగులన్నియు కాన్సర్‌తో చావవలెను. చచ్చుట లేదు. మనకన్న తక్కువగా చచ్చుచున్నవి. 2015లో రెండు పరిశోధక బృందములు కారణమును వెదకగా, మనకు పి-53 జన్యువు ఒక్క జతయే యుండగా ఏనుగునకు 20 జతలు కలవని తేలినది. ఆ నకళ్లన్నియు పూర్తివి కావు గాని, ఏనుగు కణము కొద్దిపాటి గాయమునకే ప్రాణము విడుచుటకు సిద్ధపడునని ప్రయోగములు చూపినవి.

మనకు ఇరువది జతలు లేవు. ఉన్న ఒక్క జతను చెడగొట్టునవి ఏవి? వయస్సు ఒకటి, దానిని మనమేమియు చేయజాలము. ప్రతి నకలులోను దిద్దుబాటు లెంత జరిగినను కొన్ని తప్పులు మిగులును. ఏండ్లు గడచినకొలది అవి పోగగును. రోగి చేసిన పాపమనియు, ఎవరో చేతబడి చేసిరనియు చెప్పుకొనువారికి ఇంతకన్న చెప్పవలసిన దేమియు లేదు. కాని కొన్నింటిని మనము చేతులారా తెచ్చుకొనుచున్నాము.

భూపాలపల్లి అడవులలో వేసవి వచ్చినదనగా తునికాకు కోత. తెల్లవారుజాముననే అడవికి పోయి ఆకు తెంపి, 50 ఆకులకొక కట్ట చొప్పున కట్టి, కల్లములో ఆరబెట్టు కుటుంబములు వేలకొలది కలవు. ఆకు తెచ్చువారిని మేము తప్పుపట్టము. ఆ నెల కూలితో ఎన్నో ఇండ్లు గడచును. దోషము ఆకులో చుట్టు పొగాకుది. పొగలోని బెంజోపైరీన్ అను పదార్థము ఊపిరితిత్తుల కణములలో పి-53 జన్యువుపై ఏయే అక్షరముల కంటుకొనునో 1996లో పరిశోధకులు గుర్తించిరి. పొగ త్రాగువారి ఊపిరితిత్తుల కాన్సర్లలో ఆ జన్యువు చెడియుండు చోట్లును సరిగా అవియే. పొగాకునకును కాన్సర్‌కును సంబంధము కలదని అంతకుముందు జనసంఖ్యల లెక్కలు చెప్పినవి; ఇచట దొంగ వ్రేలిముద్రలే దొరికినవి. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరగ్రామములలో స్త్రీలు చుట్టను నిప్పు లోపలివైపు పెట్టుకొని త్రాగు అడ్డపొగ అలవాటువలన అంగిట కాన్సర్ వచ్చుట వైద్యగ్రంథముల కెక్కిన విషయము. గుట్కా, జర్దా నమలువారికి పొగ లేదు గదాయని ధైర్యము. విషము పొగలోనే కాదు, ఆకులోనే కలదు.

రెండవది బూజు. దీనిని గూర్చి పల్లెలలో చెప్పువారు తక్కువ గనుక మేము కొంచెము వివరముగా చెప్పుదుము. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు హఠాత్తుగా చచ్చినవి. కారణము వాటికి మేపిన వేరుసెనగ పిండి. అందులో పట్టిన ఆస్పర్జిల్లస్ అను బూజు విడిచిన విషమునకు అఫ్లాటాక్సిన్ అని పేరిడిరి. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామములలో బూజుపట్టిన మక్కలు తిని 397 మంది కామెర్లతో జబ్బుపడగా 106 మంది మరణించిరి. ఆ ఘోరమునకు కారణమును తేల్చిన బృందము హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థది. అది ఒక్కమారుగా ఎక్కువ విషము తినుటవలన కలిగిన ఫలితము. కొద్దికొద్దిగా ఏండ్లతరబడి తినువారి సంగతి వేరు. చైనాలోని ఛీదోంగ్ ప్రాంతమునను, ఆఫ్రికా దక్షిణభాగమునను కాలేయపు కాన్సర్ రోగులను పరీక్షింపగా, పలువురిలో పి-53 జన్యువు ఒకే చోట, 249వ స్థానమున, ఒకే అక్షరము మారి చెడియున్నదని 1991లో తెలిసినది. ఆ ఒక్క అక్షరమును మార్చునది అఫ్లాటాక్సిన్.

జనగామ రైతునకు మక్కలు, పల్లీలు తెలిసిన పంటలే. మానుకోట మిరప దేశమంతటికిని పోవును. ఈ మూడింటికిని ఆ బూజు పట్టును. కల్లములో నేలపై ఆరబోసిన మిరప అకాలవర్షమునకు తడియుట, సగము ఎండిన మక్కలను తొందరపడి గాదెలో పోయుట, పురుగుపట్టిన పల్లీలను పారవేయ మనసొప్పక ఇంటివాడుకకు ఉంచుకొనుట, ఇవియే దానికి దారులు. నేలపైగాక పరదాపై ఆరబోయవలెను. మక్కలలో తేమ నూటికి 13, 14 పాళ్లకు మించకుండ, పల్లీలలో 8, 9 పాళ్లకు మించకుండ ఎండిన పిదపనే నిలువచేయవలెను. తాలుకాయలను, నల్లబడి ముడతపడిన పల్లీలను ఏరివేయవలెను. ఉడికించినను వేయించినను ఆ విషము పూర్తిగా నశింపదు. మంచి సరకు బజారునకు, బూజు సరకు ఇంటికి అను లెక్క పేదయింటికి తప్పనిసరియని మాకు తెలియును; ఐనను ఆ లెక్కలోని నష్టమును ఎవరైన చెప్పవలెను గదా. కామెర్ల బి రకపు వైరస్ కూడ తోడైనప్పుడు ప్రమాదము ఎన్నో రెట్లగును. ఆ వైరస్‌కు టీకా కలదు. జన్యుసంయోజన విధానమున మన దేశములో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ నుండియే వెలువడినది. నేడు పుట్టిన బిడ్డకు ఆస్పత్రిలోనే దీనిని ఇచ్చుచున్నారు, వద్దనరాదు.

మూడవది వైరస్. ఇది అన్నింటికన్న తెలివైనది. మానవ పాపిల్లోమా వైరస్‌కు తన నకళ్లు తీయు యంత్రము లేదు. మన కణము విభజన సాగించుచున్నప్పుడే దానికి జరుగుబాటు. కనుక అది కణములో ప్రవేశించి రెండు మాంసకృత్తులను తయారుచేయించును. ఇ-7 అనునది పోయి ఆర్-బిని పట్టుకొని బిరడా ఊడదీయును. బిరడా ఊడిన సంగతి పి-53 కనిపెట్టకుండ, ఇ-6 అనునది పోయి పి-53ని నాశనమునకు అప్పగించును. మనము ఇంతవరకు చెప్పుకొన్న కాపలాదారులిద్దరును ఒకేమారు పడిపోవుదురు. గర్భాశయముఖపు కాన్సర్ దాదాపు అన్నియు ఈ వైరస్ చలవయే. జర్మనీ వైద్యుడు హెరాల్డ్ త్సుర్ హౌజెన్ 1983లో దీని జాడ తీసి 2008లో నోబెల్ బహుమానము పొందెను. 1951లో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున హెన్రియెటా లాక్స్ అను నీగ్రోజాతి స్త్రీ ఈ కాన్సర్‌తోనే మరణించినది. ఆమె అనుమతి లేకయే గ్రహించిన కణములు ప్రపంచమందలి ప్రయోగశాలలలో నేటికిని విభజన సాగించుచున్నవి. వాటిలో ఆ వైరస్ ఇంకను కూర్చుండి కాపలాదారులను పడగొట్టుచునే యున్నది.

మన దేశములో ఏటా లక్షకు పైగా స్త్రీలు ఈ కాన్సర్ పాలగుచున్నారు. దీనికి 2006 నుండి టీకా కలదు. స్వదేశమున తయారైన టీకాకు 2022లో అనుమతి లభించెను. 9 ఏండ్లనుండి 14 ఏండ్ల లోపు బాలికలకు, అనగా వైరస్ సోకు అవకాశము రాకముందే, ఇచ్చినచో అది బాగుగా పనిచేయును. ఇక తల్లుల సంగతి. వైరస్ సోకిన పిదప కాన్సర్‌గా ముదురుటకు సాధారణముగా పది, పదునైదేండ్లు పట్టును. ఇంత గడువు ఇచ్చు వ్యాధి మరియొకటి అరుదు. 30 ఏండ్లు దాటిన ప్రతి స్త్రీయు ఆస్పత్రిలో ఒకమారు గర్భాశయముఖ పరీక్ష చేయించుకొనవలెను. ముట్టు ఆగినపిదప మరల ఎర్ర కనబడినచో, కలయిక పిదప రక్తము కనబడినచో, సిగ్గుపడి దాచరాదు.

ముక్క తీసి పరీక్షించినచో పుండు పాకునను భయము మన పల్లెలలో చాల గట్టిగా నున్నది. కత్తి తగిలిన కాన్సర్ ఆగదని చెప్పుకొని, ఆకుపసరు కట్టుచు ఆరునెలలు గడపినవారిని మేమెరుగుదుము. ముక్క తీయనిదే అది కాన్సర్ అగునో కాదో, అయినచో ఏ కళ్లెము తెగినదో తెలియదు. తెలియనిదే మందు లేదు. వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆస్పత్రిలో మొదట చూపించుకొనవచ్చును. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ కాన్సర్ ఆస్పత్రి 1955 నుండి పేదలకు చికిత్స చేయుచున్నది.

తెగిన కళ్లెమునకు మారుగా వెలుపలినుండి కళ్లెము వేయగలమా? పి-16 చేయు పనినే చేయు మాత్ర పాల్బోసిక్లిబ్ 2015లో అమెరికాలో అనుమతి పొంది, కొన్ని రకముల రొమ్ము కాన్సర్లలో వాడుకలోనికి వచ్చినది. కాని ఈ దారిలో తొలి అడుగు వేసినవారిలో ఒకడు తెలుగువాడు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లముపై కృషిచేయుచు, దానిని పోలియుండి దాని పనిని చెడగొట్టు పదార్థములను తన బృందముచే తయారుచేయించెను. ఫోలిక్ ఆమ్లము లేనిదే కణము డి.ఎన్.ఎ. నకలు వ్రాయలేదు. వ్రాతగానికి సిరా ఆపినట్లే. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఆ పదార్థములలో ఒకటైన అమినాప్టెరిన్‌ను రక్తపు కాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తగ్గుముఖము పట్టెను. ఆ మేలు తాత్కాలికమే; కాని అంతకుముందు ఆ మాత్రమైనను కని విని యెరుగరు. ఆ ఫలితములు 1948 జూన్‌లో ప్రకటింపబడినవి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసెను. అదే తరగతికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని పిల్లల రక్తపు కాన్సర్ చికిత్సలో వాడబడుచున్నది. తక్కువ మోతాదులో కీళ్లవాతమునకు కూడ వైద్యులు దానిని వ్రాయుచున్నారు.